నిజామాబాద్ గోడకు బోధన్ పొయ్యి

"ఇయ్యాల్టి పన్ను చిట్టీ కొన్న గదన్నా. పొద్దుగాల నీ చేతులనే పెట్టిన పైసలు."

"చిట్టీ అమ్ముకునేటందుకు, పాతుకపోయేటందుకు కాదు. చక్రాలు తిరగాలె. ఆగినవా, బండి మునిసిపాలిటీది."

"గిరాకి నిలబడ్డప్పుడు గూడ తిరగాల్నా? శెనగలు ఉరుక్కుంట అమ్మేటోన్ని ఎన్నడన్న సూసినవా?"

బస్టాండు గోడ పక్కన మిర్చీలు వేస్తున్న శారమ్మకు మాటలన్నీ వినబడుతున్నాయి. శెనగల పోశన్న ఎంత ఎకసెక్కమాడినా చివరికి బండి తోసుకుంటూ కదిలాడు. కదిలే బండి గనక బతికిపోయాడు. శారమ్మ పొయ్యికి చక్రాలు లేవు.

అతన్ని కదిలించిన మునిసిపాలిటీ జవాను లింబయ్య ఆమె ముందు ఆగాడు. రోజూ అడగకుండానే ఆకులో నాలుగు మిర్చీలు అందుకునే మనిషి, ఇవాళ చెయ్యి చాపలేదు. పొయ్యి వంక చూసి, ముఖం తిప్పుకుని వెళ్ళిపోయాడు. తిట్టి పోయినా అంత భయం వేసేది కాదు.

బోధన్‌లో పొయ్యే పట్టా. చక్కెర ఫ్యాక్టరీకి చెరకు బండ్లు బారులు తీరే దారిలో ఎవరు ముందుగా మట్టి పొయ్యి వేసి, అలికి, పొగ లేపితే, చెరకు ఆడినన్నాళ్ళూ ఆ జాగ వాళ్ళది. "ఎవరిది గీ పొయ్యి?" అని అక్కడి పన్ను మనిషి అడిగేది పేరు రాసుకోవడానికే. పదకొండేళ్ళు అక్కడ శారమ్మ పొయ్యి జోలికి ఎవరూ రాలేదు.

పోయిన చలికాలం చెరకు బండి కింద పడి మొగుడు పేతురు కాలు నలిగింది. నిజామాబాద్ దవాఖానాలో మోకాలి దాకా తీసేశారు. ఖిల్లా దగ్గర గుడిసె కిరాయికి తీసుకుని ఇక్కడే ఉండిపోయారు. కొత్త ఊరు, ఎవడైనా జాగలోంచి లేపేస్తాడేమోనని శారమ్మ ఇటుక ముక్కలు పేర్చి, నల్లమట్టి మెత్తి, రెండు కళ్ళ పొయ్యి వేసింది. పొయ్యి ఎంత గట్టిదైతే జాగ అంత గట్టిదనుకుంది. పోయిన మంగళవారం లింబయ్య కాగితం పట్టుకొచ్చి, "ఎవరిది గీ పొయ్యి?" అంటే, కొంగు సర్దుకుని, "నాదేనయ్యా, నా చేతులతోనే ఏసిన" అని వేలిముద్ర వేసింది. ఇంటికి పోయి, జాగ ఖాయమైందని పేతురుతో చెప్పింది కూడా.

ఆంధ్రప్రదేశ్ వచ్చి రెండేళ్ళయినా ఆ కాగితం ఉర్దూలోనే ఉంది. కాలేజీ మానేసి బస్టాండులో పొద్దుపుచ్చే ఆత్మారాం మిర్చీలకు వస్తే, రొంటిన దోపిన నకలు తీసి అతని చేతికిచ్చింది.

"సదువు తమ్మీ. మెల్లగ సదువు."

మెల్లగా చెప్పడం ఆత్మారాంకు చేతకాదు. "సర్కారు జాగల పక్కా కట్టడం కట్టిన్నని నువ్వే ఒప్పుకున్నట్టుంది శారక్కా. ఏడు దినాలల్ల తీయాలె. తీయకుంటే సామాన్ జప్తు. నీ మీద కేసు."

"కేసంటే లోపలేస్తరా?"

"ఏస్తరు గావచ్చు."

"ఏడు దినాలు ఎన్నడైతయి?"

"పోయిన మంగళారం తారీకు ఏసున్నది. ఇయ్యాలనే."

"బోధన్‌ల పొయ్యి ఎవరిదో జాగ వాళ్ళదే గద తమ్మీ."

"గిది బోధన్ కాదు. గీడ పొయ్యి ఉంటే కబ్జా అంటరు. పొయ్యి లేకుంటే ఏం జూపి పట్టుకుంటరు? జప్తు చేసే మునిసిపాలిటీ లారీ రాకముందే పగలగొట్టు."

మూకుడు పోతే పూట గడవదు. తనను లోపలేస్తే ఆ కాలు లేని మనిషికి మంచినీళ్ళు ముంచి ఇచ్చే దిక్కు లేదు. శారమ్మ మూకుడు దించింది. కట్టెలు లాగి నీళ్ళు చల్లింది. గోడ పక్కనున్న రాయి రెండు చేతులా ఎత్తింది. చేతులు కిందికి దిగలేదు. రైలు గేటు దిక్కు నుంచి లారీ హారన్ వినబడింది. మళ్ళీ ఎత్తింది. దిగలేదు.

రాయి తెచ్చి ఆత్మారాం చేతుల్లో పెట్టింది. కాలుతున్న మూకుడిని కొంగుతో పట్టుకుంది.

"నేను గోడెనక ఉంట తమ్మీ. నా చేతులు ఆడుతలేవు, నువ్వు పగలగొట్టు. ఎవరిది గీ పొయ్యి అని గాళ్ళడిగితే, గామె ఎవరో నాకెరుక లేదను."