అవ్వ మోకాలు, పోశమ్మ బోనం

ఆ రోజుల్లో ఏ విద్యయినా సగం వింటే చాలు, మిగతా సగం దేవుడే నేర్పిస్తాడని నా నమ్మకం. బడి మొహం చూడకుండా నాయిన దగ్గరే నాలుగక్షరాలు నేర్చుకున్న నాకు, మేడ్చల్‌లో పెట్టిన చైనా సూదివైద్యం శిబిరమే కాలేజీ. మోకాలిచిప్ప కింద నాలుగు వేళ్ళు కొలిచి, ముందరి ఎముక పక్కన బొటనవేలితో నొక్కితే అలసిన కాళ్ళు ఇంకో మూడు మైళ్ళు నడుస్తాయని అక్కడి డాక్టరు సారు చెప్పారు. శామీర్‌పేటలో బస్సు దిగేసరికే నేను డాక్టర్ని.

"మూడు మైళ్ళెందుకు బిడ్డా, పోశమ్మ గుడి దాక చాలు," అంది మా అవ్వ. బోనాలు దగ్గరపడ్డాయి. మోకాలు పట్టేసి లేచి నిలబడడమే గండంగా ఉన్నా, బోనం తనే ఎత్తుతానని పట్టు. "ఈసారి నేనెత్తుకుంట అత్తమ్మా" అని అమ్మ అంటే, "నేను మొక్కిన మొక్కు నీ నెత్తికెట్ల ఎక్కుతదే?" అని కసిరింది. నేను రోజూ పొద్దున్నే నొక్కేదాన్ని. అవ్వ అరిచేది: "సూది లేకుంటనే పొడుస్తున్నవ్ గదనే!" కాలు కమిలింది గానీ నొప్పి తగ్గలేదు. అప్పుడు గుర్తొచ్చింది, సారు చెబుతుంటే నేను వినీవిననట్టు వదిలేసిన మాట: కొలవాల్సింది రోగి వేళ్ళతో. నాట్లేసి నాట్లేసి మొద్దుబారిన అవ్వ వేళ్ళు ఆనించి చూస్తే, అసలు చోటు ఇంకా కిందుంది. (అన్నాళ్ళూ నేను అవ్వ కాలి మీద నా మోకాలికి వైద్యం చేశానన్నమాట.)

బోనాల నాడు నడిబజారులో అవ్వ ఆగిపోయింది. నెత్తిన బోనం, వంగడానికి లేదు. "నొక్కే, జల్దీ నొక్కు!" అంది పంటి బిగువున. నేను రోడ్డు మీదే కూలబడి ఆ చోటు పట్టుకున్నాను. నొప్పికి అవ్వ ఊగింది. అంతే! "అమ్మ వచ్చింది, అమ్మ వచ్చింది!" అంటూ ఆడవాళ్ళు బిందెలతో ఆమె కాళ్ళ మీద నీళ్ళు పోయసాగారు. తడికి నా వేలు జారిపోతోంది. ఒకామె దండం పెట్టి, "ఈయేడు వానలు మంచిగ పడ్తయా తల్లీ?" అని అడిగింది.

"అమ్మ రాలే, నొప్పొచ్చింది! తొవ్వ ఇడువున్రి!" అని అవ్వ గర్జించింది. ఆ గర్జనకు డప్పులు ఇంకా జోరందుకున్నాయి. దారి మాత్రం దొరికింది. అవ్వ గుడి దాకా నడిచి, తన చేతులతోనే బోనం దించింది.

ఆ అడుగులు వేయించింది పోశమ్మో, చైనావాళ్ళ చోటో, అవ్వ మొండితనమో నాకిప్పటికీ తెలియదు. మూడింటికీ దండం పెట్టుకుంటాను. ఇప్పుడు బోనం నా నెత్తి మీదికొచ్చింది, నొప్పి నా మోకాలికొచ్చింది. కిందటేడు నేనూ అదే బజారులో ఆగాను. కాస్త ఊగాను కూడా.

"అత్తా, జర పక్కకు జరుగు, ఎనక బండ్లు ఆగినయ్," అన్నాడొక పిల్లగాడు.

నవ్వొచ్చింది. నవ్వుకుంటూనే నడిచాను.