పేలని మూడో గుండు

మెల్‌బోర్న్‌కి రెండు గంటల దూరంలో ఉన్న ఆ చిన్న ఊళ్లో, నా చిన్నప్పుడు, తెలుగు మాట్లాడే ఇల్లు మాదొక్కటే. నాన్న అక్కడ డాక్టరు. పక్కింటి అంకుల్ రైల్వేలో రిటైరైన ఆస్ట్రేలియన్. ఆయన దగ్గర పాతకాలపు రివాల్వర్‌కి అచ్చుగుద్దినట్టు కొత్తగా చేసిన నకలు ఉండేది. దానికి తయారు తూటాలు ఉండవు. తిరిగే చక్రంలోని ఒక్కో గుంటలో కొలిచి తుపాకిమందు పోసి, సీసపు గుండు కూరి, వెనక నిప్పు రాజేసే చిన్న రాగి టోపీ తొడగాలి.

"తొందరపడేవాళ్లకి ఇది పనికిరాదు. అందుకే నాకిష్టం" అనేవారు.

నా ఇష్టం వేరు. అది పేలితే తెల్లటి పొగ లేస్తుందట, దీపావళి వాసన వస్తుందట. ఇండియా వదిలాక నాకా వాసన తగల్లేదు. బతిమాలగా బతిమాలగా ఒక ఆదివారం నాన్న నన్ను అంకుల్ వాళ్ల షూటింగ్ క్లబ్బుకి తీసుకెళ్లారు.

ఆయన మందు పోస్తున్నంతసేపూ, అమ్మమ్మగారింట్లో కాల్చిన చిచ్చుబుడ్ల గురించి ఆపకుండా చెప్పాను. ఆయనా నవ్వుతూ అడుగుతూనే ఉన్నారు. తర్వాత నన్ను గీత వెనక్కి పంపి కాల్చడం మొదలుపెట్టారు. రెండు గుండ్లు ఢామ్మని పేలాయి. పొగ ముక్కుకి తగలగానే ఏడుపొచ్చినంత పనైంది. మూడోసారి 'టప్' మని టోపీ ఒక్కటే పేలింది.

"ఎవరూ కదలొద్దు!" అని అరిచారాయన.

లోపల నిప్పు ఉంటే ఆలస్యంగా పేలొచ్చు. అందుకని చెయ్యి దించకుండా లక్ష్యం వైపే పట్టుకుని నిలబడ్డారు. నాన్న వేళ్లు నా భుజంలో దిగబడ్డాయి. ఆ తుపాకి అంకుల్ చేతిలోనే పగిలితే? మాట్లాడించింది నేనే కదా! నిమిషం పైనే గడిచింది. ఏమీ కాలేదు.

విప్పి చూస్తే ఆ గుంటలో అసలు మందే పొయ్యలేదు. టోపీ ఊపుకి గుండు గొట్టంలోకి జారి ఇరుక్కుంది. చూసుకోకుండా నాలుగోది కాల్చి ఉంటే నేను భయపడ్డదే జరిగేది.

"సారీ అంకుల్, నేనే మాట్లాడించాను" అన్నాను ఏడుస్తూ.

"నో, డియర్. మందు పోసేది నేను. నోరు మూసుకోవాల్సిందీ నేనే."

ఎవరూ అడగకముందే క్లబ్బు వాళ్లందరికీ తన పొరపాటు చెప్పేసి, ఆ రోజుకి తుపాకి పెట్టెలో పెట్టేశారు.

నేను నర్సునై ముప్పయ్యేళ్లు దాటింది. సిరంజిలోకి మందు తీసేటప్పుడు ఎవరు పలకరించినా బదులివ్వను. పొగరనుకుంటారు కొత్తవాళ్లు. అయినా ఒకసారి డోసు పొరపాటు చేశాను. పేషెంటుకి ఏమీ కాలేదు, ఎవరూ గమనించలేదు. వెంటనే వెళ్లి పెద్ద నర్సుకి చెప్పాను.

"ఎవరు కనిపెట్టారు?" అని అడిగిందావిడ.

"నేనే" అన్నాను.