మిల్లు కాలువ దగ్గర గంట

పొద్దుటి నుంచి సన్నజల్లు, చలిగాలి. మధ్యాహ్నం వరకు చెరకు నరికి, లాల్మతీ ఊరి నుంచి వచ్చిన మా అత్తను మిల్లు కాలువకు తీసుకువెళ్ళాను. మిల్లు వదిలే వేడినీళ్ళు అందులో మోకాలి లోతున పారుతాయి. కీళ్ళ నొప్పులకు ఖర్చు లేని వైద్యం అదే. బాయిలరు ఖాళీ చేసేటప్పుడు మాత్రం మరిగే నీళ్ళు వస్తాయి. ముందుగా మిల్లు కాపలాదారు గంట కొడతాడు, అందరూ గట్టెక్కాలి.

పక్కనే మా భజన గుడిసె. శనివారం సాయంత్రం అక్కడా గంట మోగుతుంది.

ఈ రోజు శనివారం. నీళ్ళలో ఏడుగురం కూర్చున్నాం. గంట మోగింది. ఎవరూ కదలలేదు.

"భజన గంటేలే, కూర్చోరా," అంది అత్త. "నాలుగేళ్ళకు ఈ మోకాలు వంగింది."

నేనూ అదే అనుకుని పక్కకు తిరిగాను. ప్రతి శనివారం భజన గంట కొట్టే గురువయ్య అక్కడే వీపు తోముకుంటున్నాడు.

"గురువుగారూ, మీరిక్కడుంటే అక్కడ గంట కొట్టేదెవరు?"

ఆయన చేతిలో పీచు ఆగిపోయింది. "అలే, అలే, పదండి, లేవండి," అన్నాడు.

మిగతా నలుగురూ గట్టెక్కారు. అత్త లేవలేకపోయింది. ఆయనా నేనూ చెరో రెక్క పట్టుకుని పైకి లాగేసరికి కాలువంతా ఆవిరి కమ్మింది. గురువయ్య కండువా కొట్టుకుపోయింది. మోకాలు మళ్ళీ పట్టేసిందని అత్త మా ఇద్దరినీ తిట్టింది.

గంట వినగానే దేవుణ్ణి తలుచుకోవడం మంచిదే కానీ, కొట్టేవాడెవరో ముందు చూసుకోవాలి. మీరైతే లేచేవారా?

గురువయ్య అయిదున్నరకు తడిబట్టలతోనే భజనకు వెళ్ళాడు. అత్త వచ్చే శనివారం వస్తానని చెప్పి, ఆరింటికి ఎడ్లబండిలో వెళ్ళింది.