గుండుతో చేసిన పరిశోధన

పోయిన నెల మా చెల్లెలి కూతురు కొండమీద మూడు కత్తెరలు ఇచ్చింది. మొక్కింది తల మొత్తమే అయినా, ఆడపిల్లలు మూడుచోట్ల జుట్టు కొసలు కత్తిరించి ఇస్తే చాలునని ఈమధ్య అందరూ సర్దుకుంటున్నారు కాబట్టి నేను తప్పు పట్టలేదు గానీ, పోయిన ఆ అంగుళం జుట్టు కనిపిస్తోందో లేదోనని కల్యాణకట్ట బయట నిలబడి ముందునుంచీ వెనకనుంచీ ఫొటోలు తీసుకుని, ఒక్కొక్కటీ పెద్దది చేసి చూసుకుంటుంటే మాత్రం నవ్వాపుకోలేకపోయాను. పక్కనే నేను నున్నటి గుండుకు చందనం పూసుకుని నిలబడి ఉన్నాను. నన్నొక్క ఫొటో కూడా తీయలేదు. ఇది నా రెండో గుండు, మొదటిదాని సంగతి చెప్పాలంటే తొంభైల్లో నేను తిరుపతిలో సైకాలజీ పరిశోధన వెలగబెడుతున్న రోజులకు పోవాలి.

నాకు గైడుగా ఉన్న మేడం కృష్ణా జిల్లా మనిషి, మా చిత్తూరు మాటలు ఆవిడకు సగమే అర్థమయ్యేవి. మనిషి తనను తాను ఎలా చూసుకుంటాడు, పదిమందీ తనను ఎలా చూస్తున్నారనుకుంటాడు, ఆ పదిమందీ నిజంగా ఏం చూస్తారు, ఈ మూడింటికీ మధ్యనున్న దూరం కొలవడమే ఆవిడ పని. రవికె భుజం దగ్గర చిరిగిందని రోజంతా కొంగు కప్పుకుని తిరుగుతాం, తీరా అడిగితే ఆ చిరుగు ఎవరి కంటా పడి ఉండదు, ఎవరి చిరుగు గొడవలో వాళ్లుంటారు అనేది ఆవిడ గట్టి నమ్మకం. దాని రుజువుకోసం ఒకసారి నా తోటి విద్యార్థికి రెండు కాళ్లకూ రెండు రకాల చెప్పులు తొడిగించి క్యాంటీన్ చుట్టూ తిప్పించారు. పాపం అతను ఊరంతా నవ్విందనుకున్నాడు గానీ, కనిపెట్టింది గేటు పక్కన చెప్పులు కుట్టే ఆయన ఒక్కడే.

ఆ రోజుల్లోనే నాకు టైఫాయిడ్ వచ్చింది. నేను మూసిన కన్ను తెరవకుండా పడుంటే మా అమ్మ భయపడిపోయి, నన్నొక్క మాట అడగకుండా నా జుట్టు కొండకు మొక్కేసింది. నడుము దాటిన జడ అది, నాకున్న గర్వమంతా అందులోనే ఉండేది. జ్వరం తగ్గింది, మొక్కు మిగిలింది. సరిగ్గా ఆ నెలలోనే చిత్తూరులో ఒక కాలేజీకి పోయి విద్యార్థుల చేత ప్రశ్నాపత్రాలు నింపించాలి, అది దాటితే పరీక్షలు వచ్చి పిల్లలు చెదిరిపోతారు, మళ్లీ ఏడాది ఆగాలి. మా నాయన చెరకు తోటలు తప్ప మరో లోకం తెలియని మనిషి, ఇదే ఆఖరి ఏడాది, ఈసారి కూడా పూర్తికాకపోతే పుస్తకాలు అటక ఎక్కించి ఇంటికి రావాల్సిందేనని అప్పటికే తేల్చి చెప్పాడు. మొక్కు వాయిదా వేద్దామంటే అమ్మ వినలేదు. నేను గుండు చేయించుకుని, ముఖం వాచేలా ఏడ్చి, జుట్టు వచ్చేదాకా చిత్తూరు పోలేనని, చదువు పోతే పోయిందని చెప్పడానికి మేడం దగ్గరికి వెళ్లాను.

ఆవిడ ఓదారుస్తారనుకున్నాను. ఆవిడ కళ్లు మెరిశాయి. గుండుతోనే పోవాలి, ప్రశ్నలన్నీ అయ్యాక నేను బయటికి వెళ్లిపోతే, మీ దగ్గరికొచ్చిన మనిషి గురించి గుర్తున్నది రాయండని అక్కడి లెక్చరర్ అడగాలి, ఎంతమంది గుండు మాట ఎత్తుతారో మేమిద్దరం ముందే చీటీలు రాసి పెట్టుకోవాలి అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. నా చీటీలో 'అందరూ' అనీ, పక్కన 'అసహ్యంగా ఉంది అని' అనీ రాశాను. ఆవిడ చీటీలో 'ఎవరూ రాయరు' అని ఉంది.

మండుటెండలో ఉన్ని మఫ్లరు చుట్టుకుని చిత్తూరు బస్సెక్కాను. టికెట్ ఇస్తూ కండక్టరు నా వాలకం చూసి, "ఏం పాపా, పంటినొప్పా?" అన్నాడు. అవునన్నాను. పూతలపట్టు కూడలిలో బస్సాగేసరికి చెమటకు ఆ మఫ్లరు కాస్తా జారి మెడమీద పడింది. కిటికీ కింద వేరుశనక్కాయలు అమ్ముతున్న ముసలావిడ అది చూసి గంప దించేసింది.

"కొండకు పోయొచ్చినావా తల్లీ? దర్సనం బాగా అయ్యిందా?"

నేను తలూపేలోగా కిటికీలోంచి చెయ్యి పెట్టి నా గుండును తాకి, ఆ వేళ్లు కళ్లకద్దుకుంది. బస్సు బస్సంతా ఇటు తిరిగింది. కండక్టరు దగ్గరికొచ్చి, "పంటినొప్పని అబద్ధం చెప్తే లడ్డు మిగుల్తాదనుకున్నావా? యాడుండాది, తియ్యి" అన్నాడు. చిత్తూరులో పిన్నికని అమ్మ కట్టిచ్చిన లడ్డు చిత్తూరు చేరలేదు. నేనూ పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి గుండు కనిపిస్తే చాలు, దర్శనం ఎట్లా అయిందని, క్యూలో ఎంతసేపు నిలబడ్డారని అడిగినదాన్నే, ఏ ఒక్క గుండునూ అసహ్యించుకున్నది లేదు. నా తలదాకా వచ్చేసరికి అది గుర్తే రాలేదు.

మఫ్లరు సంచిలో కుక్కేసి తరగతిలోకి నడిచాను. తిరుగు బస్సులో కాగితాలు తిప్పితే దాదాపు ప్రతిదాంట్లోనూ గుండు ఉంది. 'కొండకు పోయొచ్చినారు, మాకు ప్రసాదం తేలేదు' అని ఒక అబ్బాయి. 'రూము సులభంగా దొరికిందా అని అడగాలనుకున్నాను' అని మరొకడు. 'మా అక్కకు కూడా మొక్కుండాది, ఈ మేడంను చూసి ధైర్యం తెచ్చుకోమని చెప్తాను' అని ఒక అమ్మాయి రాసింది. ఆ కాగితం చదివి నేను బస్సులోనే ఏడ్చేశాను.

మేడం అన్నీ చదివి, మా రెండు చీటీలూ తీసి పక్కపక్కన పెట్టారు. తర్వాత, "చూశారు, కానీ నిన్ను కాదమ్మాయ్, కొండను చూశారు. మనిద్దరి చీటీలూ తప్పే" అని పకపకా నవ్వి, రాసిపెట్టుకున్న అధ్యాయాన్ని పక్కన పడేసి మళ్లీ మొదలుపెట్టించారు. ఆ ఏడాదిలోనే నా పరిశోధన పూర్తయింది. మా నాయన పూతలపట్టు కూడలిలో టీ తాగే ప్రతివాడికీ, మా పాప గుండుతో పోయి డాక్టరై వచ్చిందప్పా అని చెప్పేవాడు, విన్నవాళ్లు ఏ ఆసుపత్రిలో అని అడిగేవాళ్లు.

నాయన లేడు, మేడం కూడా వెళ్లిపోయారు. పోయిన నెల కొండ దిగి అదే దారిన చిత్తూరు బస్సెక్కాను. పక్కన మా చెల్లెలి కూతురు తన ఫొటోను ఎంతమంది చూశారో మాటిమాటికీ చూసుకుంటోంది, మిగతావాళ్లు కూడా ఫోన్లలోంచి తల ఎత్తలేదు. చంద్రగిరి దాటింది, పూతలపట్టు వచ్చింది. కిటికీ పక్క ఎండలో నా గుండు మెరుస్తూనే ఉంది. మేడం చీటీ ఇన్నాళ్లకు నిజమైంది, ఎవరూ చూడలేదు. ఒకప్పుడు సరిగ్గా ఇదే కావాలని దేవుణ్ని వేడుకున్నదాన్ని, లడ్డు కవరు విప్పి ఒళ్లో పెట్టుకుని, దర్శనం బాగా అయ్యిందా అని ఒక్కరైనా అడుగుతారేమోనని చిత్తూరు దాకా ఎదురుచూశాను.