కలపని రేకు

తొంభైల్లో ఒకసారి మా అక్క వాళ్లింటికి భిలాయి వెళ్లాను. సెక్టర్ 6లో వాళ్లది స్టీల్ ప్లాంటు వాళ్లిచ్చిన క్వార్టరు, బ్లాకుకి ఎనిమిది ఇళ్లు. మర్నాడు పొద్దున్నే కిందికి దిగేసరికి, కింది ఇంటి శ్రీకాకుళం పెద్దావిడ మెట్ల ముందు పద్మం ముగ్గు వేస్తోంది. చుక్కలు పెట్టకుండానే మధ్య నుంచి కొలిచినట్టు ఎనిమిది రేకులు లాగింది. చివరి రేకు కొస మాత్రం కలపకుండా డబ్బా పక్కన పెట్టుకుని కూర్చుంది. మర్చిపోయిందనుకుని, నేనే చిటికెడు ముగ్గుపిండి తీసి కలిపేశాను.

"ఏటమ్మా, కలిపీసినావు?" అంటూ ఆవిడ దాన్ని వేలితో చెరిపేసింది. "ఇంటికో రేకు. పై ఇంటి దీదీ పెనిమిటికి రాత్రి డ్యూటీ. ఆ భయ్యా ఇంకా రానేదు."

తలెత్తి చూస్తే, పైన ఆ దీదీ బాల్కనీ కమ్మీ పట్టుకుని రోడ్డుకేసి చూస్తోంది. ప్లాంటు నుంచి రావాల్సిన మిగతా సైకిళ్లన్నీ అప్పటికే వచ్చేశాయి. నేను పెద్దావిడ పక్కన కూర్చున్నాను. ముగ్గు మీదికి ఎండ వచ్చింది. చాలాసేపటికి మలుపులో సైకిలు బెల్లు మోగింది.

"ఆ గయే, అమ్మా," అంటూ ఆయన వచ్చేశారని పైనుంచి దీదీ హిందీలో చెప్పింది.

పెద్దావిడ డబ్బా నా చేతికిచ్చింది.

"ఇప్పుడు కలుపమ్మా."