గేటు మార్చే బాబాయి

మా బాబాయికి ప్రయాణాల ఇంగ్లీషు పిచ్చి. మామూలు ఇంగ్లీషు ఆయనకు పెద్దగా రాదు, రావాలన్న బెంగా లేదు. రైలూ, బస్సూ, విమానాల చుట్టూ తిరిగే మాట వినబడితే మాత్రం చెవులు నిక్కబొడుచుకునేవి. ముందు గదిలో సూట్‌కేసులు బాగుచేసే దుకాణం ఆయనది. జిప్పు పోయిందనో చక్రం విరిగిందనో వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, పెట్టెకు వేలాడే చీటీ చూపించి, "ఈ మాట ఎక్కడ వాడతారండీ?" అని అడిగేవాడు. సాయంత్రానికల్లా ఆ మాట వంటింట్లో తిరుగుతూ ఉండేది.

కొత్తగా ఉద్యోగం వచ్చి నేను వాళ్లింట్లో దిగిన రోజున, "రావమ్మా! అరైవల్ సుఖంగా జరిగిందా?" అంటూ ఎదురొచ్చాడు. నా పెట్టె అందుకుని, దాని చక్రం తిప్పి చూసుకుంటూ కాసేపు నన్ను మరిచిపోయాడు. తర్వాత ఉలిక్కిపడి, "కాళ్లు కడుక్కో, బోర్డింగ్ మొదలైంది" అన్నాడు.

"బోర్డింగంటే విమానం ఎక్కడం కదా బాబాయ్?"

"విమానం ఎక్కినా బోర్డింగే, పీట ఎక్కినా బోర్డింగే."

"ఆయన మాటలకేం గానీ, నువ్వు కూర్చో. చల్లారిపోతోంది" అంది పిన్ని.

వంట కాస్త వెనకబడితే, "డిలేనా, క్యాన్సిలా?" అని దుకాణంలోంచి కేక వచ్చేది. "ఇంకోసారి అడిగితే క్యాన్సిలే!" అని వంటింట్లోంచి జవాబు వెళ్లేది. టీ ఆలస్యమైతే స్నానం కనెక్షన్ మిస్సయిపోతుందని ఆయన గోల. పెరటి తలుపు మీద ‘ఎగ్జిట్’ అనీ, స్నానాలగది తలుపుకు ‘ఆక్యుపైడ్’ అనీ ఇంగ్లీషు అక్షరాల అట్టముక్కలు వేలాడేవి. ఒకరోజు వంటింట్లో పొగ కమ్ముకుంటే పిన్ని కంచాలు వరండాలో పెట్టింది. బాబాయి నోటికి చేతులు అడ్డం పెట్టుకుని, "గమనించండి! గేటు మారింది! అందరూ వరండా గేటుకి రావాలి!" అని ప్రకటించాడు. అందరూ అంటే నేనొక్కదాన్నే. పక్కింటావిడ గోడ మీంచి తల పెట్టి, "మేమూ రావాలా?" అంది.

పోనుపోను పిన్ని తిట్లు కూడా ఆ భాషలోకే జారిపోయాయి. "మీ లగేజీ జరపండి, ఊడవాలి! ఇది ఓవర్ వెయిట్, నేను మొయ్యను!" అని ఆవిడ విరుచుకుపడుతుంటే బాబాయి ముఖం వెలిగిపోయేది. తిట్లు తిని అంత సంతోషించిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

సెలవు రోజు మధ్యాహ్నాలు ఆ ఇల్లు మరోలా ఉండేది. గోడ పొడుగునా పేర్చిన పెట్టెల్లోంచి ఎక్కడెక్కడి సబ్బుల వాసనో, ఎవరి బట్టలకో అంటిన సముద్రపు ఉప్పు వాసనో మెల్లగా బయటికొచ్చేది. తెరచాటున ఎండ కదిలేది. కళ్లు మూతలు పడుతుంటే ఇల్లే ఎటో బయలుదేరినట్టూ, మేం ముగ్గురం ఏ ఊరో తెలియని ఊరి మీదుగా తేలిపోతున్నట్టూ ఉండేది. బాబాయి సుత్తి టక్కుటక్కుమంటూ దూరంగా పట్టాల చప్పుడులా వినిపించేది.

అలాంటి మధ్యాహ్నమే ఫోనొచ్చింది. విదేశంలో ఒంటరిగా ఉంటున్న పిన్ని అక్కకు గుండె ఆపరేషనట. పక్కన ఉండడానికి తోబుట్టువు తప్ప ఎవరూ లేరు. బాబాయికి బస్సు మలుపు తిరిగితేనే కడుపులో తిప్పేస్తుంది. నాకేమో పాస్‌పోర్టే లేదు. పిన్నికి మాత్రం అక్క పట్టుబట్టి ఎప్పుడో తీయించిన పాస్‌పోర్టూ, వీసా ఉన్నాయి. ఆవిడ ఒక్కతే, మధ్యలో విమానం మారి మరీ వెళ్లాలి.

"నావల్ల కాదండీ" అంది పిన్ని. రెండు రోజులు అన్నం కూడా సరిగా తినలేదు. మూడోరోజు, "పాపం, అక్క ఒక్కతే ఉంటుంది" అని తనకు తనే చెప్పుకుని, బట్టలు సర్దుకుంది. బాబాయి గట్టి పెట్టె ఒకటి ఎంచి చక్రాలకు నూనె వేశాడు. ఆ రెండు రోజులూ ఒక్క ఇంగ్లీషు ముక్క మాట్లాడలేదు.

ఆవిడ వెళ్లాక బాబాయి ఫోను పక్కనుంచి కదల్లేదు. అది మోగగానే నా చేతికిచ్చి, "నువ్వే మాట్లాడు" అన్నాడు.

"చేరానే!" అంది పిన్ని. "మొదటిది డిలే. కనెక్షన్ మిస్సవుతుందని పరిగెత్తాను. తీరా కూర్చున్నాక, గేటు మారిందని మైకులో చెప్పారు. నా పక్కన ఒక పెద్దాయన నిద్రపోతుంటే ఆయన్ని కూడా లేపి తీసుకెళ్లాను. విమానంలో ఒకామె బాత్రూం తలుపు తెగ లాగేస్తోంది. ఆక్యుపైడమ్మా, ఆగు అన్నాను. అక్క బాగుంది. ఆయన తిన్నారా?"

చెప్పింది చెప్పినట్టు బాబాయికి అప్పజెప్పాను. ఆయన పై కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"పెళ్లైన కొత్తలో మీ పిన్ని, అప్పట్లో ఈ దేశంలోనే ఉన్న అక్కను చూడ్డానికి ఒక్కతే బయలుదేరింది. జంక్షన్‌లో రైలు మారాలి. మైకులో చెప్పింది అర్థంకాక, ఎక్కాల్సిన రైలు కళ్లముందే వెళ్లిపోయిందట. ఏడుస్తూ ఇంటికొచ్చేసి, ఇంక గడప దాటనంది. నేర్పిస్తానంటే, ఈ వయసులో నన్ను బడిపిల్లను చేస్తారా అని కోప్పడింది."

"మరి?"

"నేర్పిస్తే వద్దంది గానీ, విసిగిస్తే రోజూ జవాబు చెప్పింది కదమ్మా!" అని నవ్వాడు. "పిన్నితో అనకు. పాఠమని తెలిస్తే చిన్నబుచ్చుకుంటుంది."

అక్క కోలుకున్నాక పిన్ని తిరిగొచ్చింది. మర్నాడు కూర తరుగుతూ, దుకాణానికి వినబడేలా నాతో అంది: "అక్క వచ్చే ఏడాది ఓడెక్కుదామంటోందే. ఓడల సంగతి నాకేం తెలుసు? ఒక్క మాటా రాదాయె."

అని, నావైపు చూసి, పెదవులు బిగబట్టి నవ్వాపుకుంది. దుకాణంలో సుత్తి చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

పొద్దున్నే నేను లేచేసరికి పిన్ని వరండా కడుగుతోంది. నీళ్ల మీద వెలుగు పడి, ఇల్లంతా నెమ్మదిగా ఊగుతున్నట్టుంది. బాబాయి పంచె మోకాళ్ల దాకా ఎత్తిపట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"గమనించండి! డెక్ తడిగా ఉంది! ప్రయాణికులు కేబిన్లలోనే ఉండాలి!"

"ముందు మీ కాళ్లు తీయండి!" అని పిన్ని ఇంకో బిందె కుమ్మరించింది.