ఖాళీబల్ల అత్త

మా అత్త పోయింది. పోయిన నెలలో ఒక పొద్దున కొట్టు ముందు కళ్ళాపి చల్లి, పాలు పొయ్యి మీద పెట్టి, కూర్చున్నచోటే గోడకు ఒరిగిపోయింది. ఎదురుగా నా పంక్చర్ షాపు షట్టరు ఎత్తుతుంటే పాలు మాడిన వాసన వచ్చింది. ఏనాడూ పాలు మాడనిచ్చిన మనిషి కాదు. రోడ్డు దాటకముందే నాకు సంగతి తెలిసిపోయింది.

రక్తసంబంధం ఏమీ లేదు. క్వారీ రోడ్డు మీద అందరికీ ఆమె అత్తే. ఆమెకు మేమంతా ‘ఒరేయ్’లమే.

దాచేపల్లిలో ఆటో ఎక్కి ‘ఖాళీబల్ల’ అంటే ఎవరైనా తెచ్చి ఆ కొట్టు ముందే దించుతారు. ఇప్పుడది టీకొట్టు. ఒకప్పుడు అత్త నడిపిన కల్లుపాక. ముందు వేపచెట్టు, దాని కింద నాపరాయి బల్ల. మంచి నీడ, మంచి గాలి, కూర్చున్న మనిషి మాత్రం కనపడడు. కొత్తవాళ్ళు ఎందుకలా అని అడుగుతారు. వాళ్ళకోసం రాస్తున్నాను. తెలిసినవాళ్ళు కూడా చదవండి, మీకే ఎక్కువ అవసరం.

పాక నిండా జనం ఉన్న ఒక మధ్యాహ్నం, కృష్ణానది అవతలి నుంచి వచ్చి మా క్వారీలో రాళ్ళు కొట్టుకునే ఒక మనిషిని ఆ బల్ల మీదే ఎవరో పొడిచి చంపారు. అత్త అప్పుడు వెనకవైపు కుండలు కడుగుతోంది. కేక విని పరిగెత్తుకొచ్చేసరికి గ్లాసులున్నాయి, తాగేవాళ్ళు లేరు. పోలీసులు వచ్చి అడిగితే అక్కడ ఎవరెవరు కూర్చున్నారో అందరి పేర్లూ చెప్పింది. వాళ్ళందరూ కలిసి చెప్పింది ఒకటే మాట: ఆ సమయానికి ఒంటేలుకు పోయాం, ఏమీ చూడలేదు.

“అంతమంది ఒకేసారి పోతే ఈ రోడ్డు వాగై పారాలి గదరా! ఏదీ, తడి చూపించండి!” అని అత్త స్టేషను ముందే అరిచిందట. ఎవరూ చూపించలేదు. పొడిచినవాడెవడో ఈనాటికీ తేలలేదు.

ఆ రోజు నేను మాచర్లలో పెళ్ళికి పోయాను. అందుకే ఇప్పుడు ఇంత నోరు లేస్తోంది. ఊళ్ళో ఉంటే నాకూ ఒంటేలు వచ్చేదేమో, ఎవరు చూడొచ్చారు.

గొడవ సద్దుమణిగాక పాక తెరిచి, అత్త మొదట బల్ల కడిగింది. అలవాటుగా వచ్చి కూర్చోబోయినవాణ్ణి చీపురు అడ్డం పెట్టి ఆపింది.

“దీని మీద కూసోవాలంటే చెప్పి కూసో. ఆ మనిషిని ఎవరు పొడిచారో చెప్పు, నీ ఇష్టమొచ్చినంత సేపు కూసో.”

వాడు మెల్లగా పోయి నేల మీద గొంతుక్కూర్చున్నాడు. ఆ రోజు నుంచీ అందరిదీ అదే దారి. పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, పాకకు ఖాళీబల్ల అనే పేరు అతుక్కుపోయింది.

పెద్దమనుషులు వచ్చి నచ్చజెప్పబోయారు. “వాడు నీకు చుట్టమా పక్కమా? నీకెందుకే ఈ పంతం?”

“నా పాకలో గ్లాసు పట్టినోడు నాకు చుట్టమే. నువ్వూ చుట్టానివే. రేపు నిన్ను పొడిచినా ఇట్టనే ఒక బల్ల ఖాళీ పెడతాలే, దిగులు పడమాక.”

బేరం పడిపోయింది. కొన్నాళ్ళకు కల్లు మానేసి టీ పెట్టింది. మనిషి మాత్రం మారలేదు. పొద్దున్నే ముందు బల్ల కడగాలి, తర్వాతే పొయ్యి. చక్కెర ఇంకాస్త వెయ్యమంటే గరిటె చూపించేది. నేను ఎనిమిదితో చదువు ఆపినవాణ్ణి గదా, పెద్ద పెద్ద కబుర్లు మొదలుపెడితే, “నీ టైర్లలో నిలవని గాలంతా నీ నోట్లోనే ఉందిరా” అనేది. ఆ మాట పడటానికే రోజుకో కొత్త అబద్ధం మోసుకెళ్ళేవాణ్ణి.

ఒకసారి స్టేషనుకు కొత్త ఎస్సై వచ్చాడు. టైరు పంక్చరై జీపు నా దగ్గర ఆగింది. ఎండకు మాడిపోతున్నాడు. నేను వినయంగా చేతులు కట్టుకుని, “ఆ బల్ల మీద కూసోండి సార్, గాలి చానా బాగా వస్తది” అన్నాను. కూర్చున్నాడు. అత్త నడుం మీద చెయ్యి పెట్టుకుని బయటికొచ్చింది.

“చెప్పు సారూ.”

“ఏంది చెప్పేది? టీ ఒకటి ఇయ్యి.”

“టీ ఇస్తా. ముందు, ఇక్కడ చచ్చినోణ్ణి ఎవరు చంపారో చెప్పు. ఆ బల్లకు అదే రేటు. మీకు జీతం కూడా అందుకేగా ఇచ్చేది.”

ఆయనకు విషయం తెలియదు. తెలిసినవాళ్ళు నోరెత్తలేదు. ఎస్సై లేచి నిలబడి టీ తాగి, పోతూ పోతూ నా వైపు ఒక చూపు చూశాడు. ఆ నెలంతా నా షాపుకు ఏదో ఒక తనిఖీ. అత్త మాత్రం సాయంత్రం పిలిచి గ్లాసు నిండా టీ పోసింది. “ఒరేయ్, ఎన్ని ఎదవ పన్లు చేసినా, ఇదొక్కటి మంచి పని చేశావురా” అంది. నాకు బడిలో రాని మార్కులు ఆ రోజు వచ్చాయి.

పెద్దకర్మ రోజున కొట్టు ముందే షామియానా వేశారు. కుర్చీలు చాలలేదు. మోకాళ్ళ నొప్పుల ముసలివాళ్ళు కూడా ప్లేట్లు పట్టుకుని నిలబడే తిన్నారు. బల్ల మాత్రం ఖాళీగానే ఉంది. భోజనాల మధ్యలో నాకు బాబాయి వరసయ్యే పెద్దాయన దగ్గరికొచ్చాడు. ఆనాడు అత్త చెప్పిన పేర్లలో ఆయనదీ ఒకటి.

“అత్త పోయింది గదరా. రేపు ఆ బల్ల తీయించేద్దాం. ఊరికి ఆ పేరు అసయ్యంగా ఉంది. ఏదన్నా దేవుడి పేరు పెట్టుకుందాం.”

“పెట్టుకుందాం బాబాయ్. పెట్టినాక ఆ దేవుణ్ణే తీసుకొచ్చి బల్ల మీద కూసోబెట్టు. ఆయనైతే చూసే ఉంటాడు.”

బాబాయి మొహం మాడింది.

“బల్ల తీయాలంటే నన్ను దాటి తీయాలి. రేపటినుంచి దాన్ని నేనే కడుగుతా. అడిగేది కూడా నేనే అడుగుతా” అన్నాను.

ఆయన పోయి చేతులు కడుక్కున్నాడు. తిరిగొస్తుంటే మోకాలు సహకరించక తూలాడు. పడిపోకుండా బల్ల మీద చెయ్యి ఆనించాడు.

నేను నడుం మీద చెయ్యి పెట్టుకున్నాను.

“చెప్పు బాబాయ్.”

ఆయన గోడ మీద దండ వేసిన అత్త ఫొటో వైపు చూశాడు. పెదవులు కదిలాయి.

“మోకాళ్ళురా...” అని మాత్రం అని, చెయ్యి తీసుకుని మెల్లగా నడుచుకుంటూ రోడ్డెక్కాడు.

ఏదీ, తడి చూపించండి అని అత్త ఎన్నేళ్ళ కిందటో అడిగింది. నల్లటి నాపరాయి మీద ఐదు వేళ్ళ తడి. మేమంతా చూస్తుండగానే, గాలికి వేళ్ళ చివరల నుంచి ఆరడం మొదలుపెట్టింది.